ఆన్‌లైన్ వేలంపాటలో ఎవరి మాట నమ్మాలి? పాత నాణేలు కొనేవాళ్లకు ఒక పోలిక

నా బీరువాలో ఒక చార్మినార్ రూపాయి ఉంది, నిజాం కాలంలో చార్మినార్ బొమ్మతో వచ్చిన రకం. ఆల్బమ్‌లో కాదు, విడిగా ఒక కవర్లో. చివరి నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ తొలినాళ్లలో అచ్చయిన వెండి రూపాయి 11.17 గ్రాములు తూగాలి. ఇది 9.6 తూగుతుంది. అంచు చుట్టూ గోరు పోనిస్తే సన్నటి అతుకు తగులుతుంది. అచ్చు కొట్టిన నాణేనికి అలాంటి అతుకు రాదు, పోత పోసినదానికే వస్తుంది. ఒక ఆన్‌లైన్ వేలంలో పాట పాడి దీన్ని గెలుచుకున్నాను. అమ్మినాయన పేరు పక్కన 99.2 శాతం మంచి ఫీడ్‌బ్యాక్ అని ఉంది. అది చూసే పాడాను.

నాణెం చేతికొచ్చాక ఆయన ఫీడ్‌బ్యాక్ మొత్తం కూర్చుని చదివాను. నాలుగు వందల పైచిలుకు మెచ్చుకోళ్లు. దాదాపు అన్నీ తపాలా బిళ్లలకి, కీచైన్లకి, అగ్గిపెట్టె లేబుళ్లకి వచ్చినవే. వెండి నాణెం కొన్నవాళ్లు ముగ్గురే. ఆ ముగ్గురిలో ఒకరు "బరువు తక్కువ" అని రెండు మాటలు రాసి వెళ్లారు. పాటకు ముందే ఆ రెండు మాటలు నా కంట పడి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు. అగ్గిపెట్టె లేబుళ్లు అమ్మడంలో ఆయన మంచివాడే కావచ్చు. ఆ మంచితనం చూసి నేను వెండి కొన్నాను.

గుంటూరు మిర్చి యార్డులో సరుకు కొనేవాడు టిక్కీలోంచి, అంటే మిర్చి బస్తాలోంచి, కాయ తీసి, విరిచి, రంగు చూసి, గింజ చూసి ధర చెబుతాడు. ఆన్‌లైన్‌లో మనకా వీల్లేదు. ఫొటో ఉంటుంది, పేరు ఉంటుంది, పక్కన ఒక అంకె ఉంటుంది. కాయ విరిచి చూసే పనంతా ఆ అంకె మీదే పడుతుంది. అందుకే "ఎక్కడ కొనమంటారు?" అని ఎవరైనా అడిగితే నేను తిరిగి రెండు ప్రశ్నలు వేస్తాను. సరుకు మీ చేతికి వచ్చి మీరు తూచి చూసుకునేదాకా డబ్బు ఎవరి దగ్గర ఉంటుంది? అమ్మేవాడి గురించి మాట రాసినవాళ్లు ఎవరికీ భయపడకుండా రాయగలిగారా? ఒక్కో చోట ఈ రెంటికీ ఒక్కో జవాబు.

ఈబే: ఒకవైపు నుంచే వచ్చే మాట

1995 సెప్టెంబరులో పియర్ ఒమిడ్యార్ కాలిఫోర్నియాలో ఆక్షన్‌వెబ్ పేరుతో మొదలుపెట్టిన ఆన్‌లైన్ వేలం సైటే తర్వాత ఈబే అయింది. ముక్కూముఖం తెలియని మనుషులు ఒకరికొకరు డబ్బు పంపుకోవాలంటే ఏదో ఒక ఆధారం కావాలని 1996 ఫిబ్రవరిలో ఫీడ్‌బ్యాక్ పద్ధతి పెట్టారు. బాగుంటే ఒకటి కలుస్తుంది, ఫర్వాలేదంటే ఏమీ మారదు, బాగోలేదంటే ఒకటి తగ్గుతుంది. పది చేరితే పేరు పక్కన పసుపు నక్షత్రం, వెయ్యి చేరితే ఎర్రది. ఇవాళ మనం కొనే ప్రతి యాప్‌లో కనిపించే నక్షత్రాలకు ఇది పెద్దన్న లాంటిది.

ఈ అంకె మీద పరిశోధన చాలా జరిగింది. పాల్ రెస్నిక్, రిచర్డ్ జెక్‌హౌసర్ అనే ఇద్దరు పరిశోధకులు 1999 నాటి ఈబే లావాదేవీలు తీసి చూస్తే, సగానికి పైగా కొన్నవాళ్లు ఫీడ్‌బ్యాక్ ఇచ్చారు, ఇచ్చినదాంట్లో 99 శాతానికి పైగా మెచ్చుకోలే. అందరూ అంత మంచివాళ్లా? బడిలో పదో తరగతి పిల్లలందరికీ నూటికి నూరు వస్తే ఎవరు బాగా చదువుతారో మార్కుల జాబితా చెప్పలేదు. ఇదీ అంతే. కాబట్టి 99 శాతం చూసి "చాలా ఎక్కువ" అనుకోకండి, అది మామూలు మార్కు. 99.1కి, 99.9కి మధ్య తేడా కంటికి ఆనదు గానీ, మొదటివాడితో వెయ్యి మందిలో తొమ్మిది మంది బాధపడ్డారు, రెండోవాడితో ఒక్కరు. పైగా "ఫర్వాలేదు" అన్నవాళ్లు ఈబే శాతం లెక్కలోకి రారు, గత పన్నెండు నెలల మాటలే వస్తాయి.

అందరికీ ఎందుకలా మంచి మార్కులు పడేవంటే, భయం. అప్పట్లో ఇద్దరూ ఒకరి గురించి ఒకరు రాసుకునేవారు. మీరు అమ్మినాయన్ని తప్పుపడితే ఆయన తెల్లారేసరికి మీ పేరు మీద కూడా ఒక ఎర్ర గుర్తు వేసేవాడు. కొన్నవాడు నోరు మూసుకునేవాడు. అమ్మినవాడు, ముందు నువ్వు రాస్తేనే నేను రాస్తానని కూర్చునేవాడు. ఈబే 2007లో వస్తువు చెప్పినట్టు ఉందా, మాట బాగుందా, ఎంత త్వరగా పంపారు, రవాణా ఖర్చు సబబేనా అని విడివిడిగా నక్షత్రాలు పెట్టింది. ఎవరు ఎన్ని ఇచ్చారో అమ్మినవాడికి తెలియదు. 2008 మే నుంచి అమ్మేవాళ్లు కొన్నవాళ్లకు చెడు ఫీడ్‌బ్యాక్ ఇవ్వడమే ఆపేసింది.

ఈ మార్పు మీద అమ్మేవాళ్లకు ఇప్పటికీ కోపం ఉంది. వాళ్ల కోపంలో న్యాయం కూడా ఉంది: పాట గెలిచి డబ్బు కట్టకుండా పోయేవాడి గురించి తర్వాతి అమ్మకందారుకు హెచ్చరిక రాసే దారి పోయింది. అయినా కొనేవాడిగా నా ఓటు ఈ పద్ధతికే. మనుషులు భయం లేకుండా రాసిన వంద మాటలు, భయపడుతూ రాసిన వెయ్యి మాటల కంటే నాకు ఎక్కువ పనికొస్తాయి. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి. ఈబేలో కొన్నవాడి పేరు పక్కన ఉన్న అంకెకు విలువ లేదు, అక్కడ మెచ్చుకోవడం తప్ప ఇంకో దారి లేదు కాబట్టి.

మంచి పేరుకు ధర ఉంటుందా అన్నదీ పరీక్షించి చూశారు. రెస్నిక్ బృందం, బాగా పేరున్న ఒక పాత పోస్ట్‌కార్డుల వ్యాపారి చేత ఒకే రకం కార్డులను కొన్ని ఆయన సొంత పేరుతో, కొన్ని కొత్తగా తెరిచిన ఖాతాలతో అమ్మించింది. సొంత పేరుకు కొనేవాళ్లు 8.1 శాతం ఎక్కువ ఇవ్వడానికి సిద్ధపడ్డారు. ఇది మనకు రెండు రకాలుగా ఉపయోగం. పేరున్నవాడి దగ్గర ఆ కాస్త ఎక్కువ ఇవ్వడం దండగ కాదు. కొత్తవాడి దగ్గర ధర కాస్త తగ్గితే సహజమే, సగానికి సగం తగ్గితే మాత్రం ఆగి ఆలోచించాలి.

నేను ఫీడ్‌బ్యాక్ చదివే తీరు చెబుతాను. ముందు చెడ్డవి, ఫర్వాలేదన్నవి మాత్రమే తీసి చదువుతాను. "ఆలస్యంగా వచ్చింది" అంటే వదిలేస్తాను, తపాలా వాళ్ల తప్పు అయ్యుండొచ్చు. "నకిలీ", "బరువు తక్కువ", "ఫొటోలోది వేరు, వచ్చింది వేరు" అనే మాటలు ఏడాదిలో రెండు కనిపించినా ఆ పాటలోకి దిగను. తర్వాత అమ్మినవాడు ఆ మాటలకు ఏం జవాబిచ్చాడో చూస్తాను. "తిరిగి పంపండి, డబ్బు ఇచ్చేస్తాను" అన్నవాడు ఒక రకం, "నీకు నాణేల గురించి ఏం తెలుసు" అన్నవాడు ఇంకో రకం. చివరగా, నేను కొనబోయే రకం వస్తువును, ఆ ధరలో, ఇంతకుముందు ఆయన ఎన్నిసార్లు అమ్మాడు? ఇది చూడకే నా 9.6 గ్రాముల రూపాయి వచ్చింది. చాలాకాలం నిద్రపోయిన పాత ఖాతా ఒక్కసారిగా ఖరీదైన నాణేలు కుప్పలుగా పెడితే ఆ ఖాతా వేరేవాళ్ల చేతిలో పడిందేమోనని అనుమానించాలి.

పాట చరిత్ర కూడా తెరిచి చూడండి. పాడినవాళ్ల పేర్లు చుక్కలతో మూసి ఉంటాయి గానీ వాళ్ల ఫీడ్‌బ్యాక్ అంకె కనిపిస్తుంది. సున్నా అంకె ఉన్న ఒకడు మిమ్మల్ని పెంచుతూ పెంచుతూ వచ్చి చివర్లో తప్పుకుంటే, అమ్మేవాడి మనిషే పాడుతున్నాడని అనుకోవచ్చు. ఊళ్లో చెరువు పాటల్లో, సంత పాటల్లో మన పెద్దలకు ఈ ఎత్తు బాగా తెలుసు. నా పద్ధతి: ఎంతవరకు ఇవ్వగలనో ముందే కాగితం మీద రాసుకుని, ఆ అంకె ఒక్కసారే పాడి పక్కకు జరుగుతాను.

ఇక డబ్బు. చెప్పిన వస్తువు రాకపోయినా, చెప్పినట్టు లేకపోయినా చేరిన (రాకపోతే, చేరాల్సిన) తేదీ తర్వాత 30 రోజుల్లోపు అడిగితే ఈబే మనీ బ్యాక్ గ్యారంటీ ఉంది. ఫీడ్‌బ్యాక్ రాయడానికి గడువు 60 రోజులు. ముందు డబ్బు సంగతి తేల్చుకుని తర్వాత మాట రాయడానికి సమయం సరిపోతుంది.

మనకు ఈబే ఇండియా ఉండేది. 2004లో బాజీ డాట్ కామ్‌ను ఈబే కొనుక్కోవడంతో వచ్చింది. అందులో పైసాపే అనే ఏర్పాటు నాకు చాలా నచ్చేది. మన డబ్బు మధ్యలో ఆగి, సరుకు చేరాకే అమ్మినవాడికి వెళ్లేది. 2018 ఆగస్టులో ఆ సైట్ మూతపడింది. ఇప్పుడు హైదరాబాదులో, విజయవాడలో ఉన్నవాళ్లు ఈబేలో కొనాలంటే విదేశీ అమ్మకందారు దగ్గరే. రవాణా ఖర్చు, కస్టమ్స్ సుంకం కలిపి లెక్క వేసుకోవాలి. చిన్న నాణేనికి దారి ఖర్చే ఎక్కువైపోతుంది.

జపాన్ వాళ్ల దారి

ఈబే 2002లో జపాన్ వదిలి వెళ్లిపోయింది. అక్కడ యాహూ వేలం నిలబడింది. 2013లో మెర్కారీ వచ్చింది. మెర్కారీ ప్రధానంగా ధర చెప్పి అమ్మే చోటే గానీ, నమ్మకం విషయంలో దాని పద్ధతి చెప్పుకోదగ్గది. కొన్నవాడు కట్టిన డబ్బు సంస్థ దగ్గరే ఉంటుంది. వస్తువు అందుకుని, చూసుకుని, అమ్మినవాడికి రేటింగ్ ఇస్తాడు. తర్వాత అమ్మినవాడు కొన్నవాడికి ఇస్తాడు. ఇద్దరూ ఇచ్చేదాకా ఎవరేమిచ్చారో ఎవరికీ కనిపించదు. అప్పుడే డబ్బు అమ్మినవాడికి చేరుతుంది. ప్రతీకారానికి చోటు లేదు, ఇద్దరికీ మాట ఉంది, డబ్బు మధ్యలో ఉంది. కాగితం మీద నాకు అన్నిటికంటే ఇదే న్యాయంగా కనిపిస్తుంది.

జపాన్‌లో ఉంటున్న తెలుగువాళ్లు ఒక జాగ్రత్త పాటించాలి. అక్కడ రేటింగ్ ఇవ్వడమంటే "సరుకు చూసుకున్నాను, సరే" అని సంతకం పెట్టినట్టు. పెట్టె విప్పకముందే మర్యాద కోసం రేటింగ్ నొక్కేస్తే తర్వాత అడగడానికి దారి మూసుకుపోతుంది. ముందు తూచండి.

మన వేలం సంస్థలు: అమ్మేవాడు కనిపించడు

ముంబైలో తోడీవాలా, బెంగళూరులో మరుధర్ ఆర్ట్స్, అహ్మదాబాదులో క్లాసికల్ న్యూమిస్మాటిక్ గ్యాలరీ లాంటి సంస్థలు నాణేల వేలం నడుపుతాయి. క్యాటలాగు వేస్తాయి, గదిలో పాట జరుగుతుండగానే ఆన్‌లైన్‌లోనూ పాడొచ్చు. ఇక్కడ నక్షత్రాలు ఉండవు, శాతాలు ఉండవు. నాణెం ఎవరిదో కూడా చాలాసార్లు మీకు తెలియదు. మీరు నమ్మాల్సింది ఆ సంస్థ పేరును, క్యాటలాగులో రాసిన వాక్యాన్ని, నిబంధనల పేజీని.

ఆ పేజీ చదవకుండా పేరు నమోదు చేసుకోవద్దు. నాణెం నకిలీ అని తేలితే ఎన్ని రోజుల్లో చెప్పాలి, ఎవరి నిర్ధారణ ఒప్పుకుంటారు, డబ్బు పూర్తిగా తిరిగిస్తారా అన్నది అందులో ఉంటుంది. గెలిచిన పాట మీద కొనుగోలుదారు కమిషన్, ఆపైన పన్ను పడతాయి. పదివేలకు పాడితే పదివేలతో పోదు. వేలానికి ముందు నాణేలను చేత్తో పట్టుకుని చూసుకునే అవకాశం ఇస్తారు. మిర్చి యార్డులో కాయ విరిచినట్టు మనకు దొరికేది ఇక్కడొక్కచోటే. ఐదంకెల ధర దాటిన నాణెమైతే నేను రైలెక్కి వెళ్లి చూసి వస్తాను, లేదా ఆ ఊళ్లో ఉన్న తోటి సేకర్తను పంపుతాను.

విదేశాల్లో ఉన్న మనవాళ్లకు ఒక మాట. 1972 నాటి పురావస్తు చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన నాణెం దేశం దాటి పోకూడదు. ఉస్మాన్ అలీ ఖాన్ 1911లో గద్దెనెక్కాడు. 1343 హిజ్రీ, అంటే 1924-25 నాటి రూపాయిలు కూడా ఇప్పటికే ఈ గీత దాటేశాయి. ఇక్కడ గెలిచి డల్లాస్‌కు పంపమని అడగకండి, పంపుతామన్నవాడిని అసలే నమ్మకండి. అమెరికాలో ఉన్నవాళ్లు అక్కడే ఉన్న నాణేన్ని అక్కడి అమ్మకందారు దగ్గర కొనుక్కోవడమే మేలు.

వాట్సాప్ గ్రూపుల పాట

మనవాళ్లలో ఎక్కువమంది పాడేది ఇక్కడే, పోగొట్టుకునేదీ ఇక్కడే. గ్రూపులో నాణెం ఫొటో పడుతుంది, కింద ప్రారంభ ధర, "రాత్రి 9కి క్లోజ్" అని ఉంటుంది. ఒకరి మీద ఒకరు అంకెలు వేస్తారు. తొమ్మిదికి గెలిచినవాడు యూపీఐలో డబ్బు కొడతాడు, మర్నాడు స్పీడ్ పోస్ట్ నంబరు వస్తుంది. రుసుము లేదు, కమిషన్ లేదు, సుంకం లేదు. తెలుగులో మాట్లాడుకోవచ్చు. నా దగ్గరున్న మంచి నాణేల్లో చాలా ఇలా వచ్చినవే. ఈ దారిని నేను చిన్నచూపు చూడను.

కానీ నా రెండు ప్రశ్నలు ఇక్కడ వేసి చూడండి. డబ్బు మొదటి నిమిషంలోనే అవతలివాడి ఖాతాలో ఉంటుంది. మాట రాసిన చోటు అడ్మిన్ చేతిలో ఉంటుంది. "వచ్చింది అన్నా, సూపర్" అన్న మెసేజ్‌లే గ్రూపులో నిలుస్తాయి. తిట్టినవాడి మెసేజ్ పోతుంది, ఒక్కోసారి మనిషి కూడా పోతాడు. అమ్మేవాడు అడ్మిన్‌కు స్నేహితుడైతే నోరెత్తడానికే మొహమాటం. ఈబేలో 2008కి ముందున్న భయమే ఇక్కడ మొహమాటం రూపంలో ఉంది.

కొందరు అడ్మిన్లు బాధ్యతగా నడుపుతారు. సభ్యుల గుర్తింపు తీసుకుంటారు, గొడవ వస్తే మధ్యలో కూర్చుంటారు, మోసగాళ్ల జాబితా అందరికీ పంపుతారు. పెద్ద మొత్తమైతే డబ్బు తమ దగ్గర ఉంచుకుని, సరుకు చేరాక ఇచ్చే అడ్మిన్లూ ఉన్నారు. అలాంటి గ్రూపు దొరికితే వదులుకోకండి. అడ్మిన్ మధ్యలో ఉండడానికి ఒప్పుకోకపోతే, పోయినా నిద్రపట్టేంత డబ్బే పెట్టండి.

కొత్త అమ్మకందారును గ్రూపులో అందరి ముందు "ఈయన మంచివారేనా" అని అడిగితే అందరూ మంచివారే అంటారు. ఆయన దగ్గర గతంలో గెలిచిన ఇద్దరికి విడిగా ఫోన్ చేయండి. ఫోన్‌లో మనిషి ఆగి ఆలోచించే తీరులోనే సగం జవాబు ఉంటుంది. నాణేన్ని త్రాసు మీద పెట్టి, ఆ రోజు తేదీ రాసిన చీటీ పక్కన పెట్టి వీడియో తీయమని అడగండి. తన దగ్గర నాణెం ఉన్నవాడికి ఇది రెండు నిమిషాల పని. పార్సిల్ వచ్చాక విప్పడం మొదలుపెట్టకముందే మీరు కూడా కెమెరా ఆన్ చేయండి.

మోసం జరిగిందని తెలిసిన గంటలోనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. డబ్బు ఇంకో ఖాతాకు జారకముందే ఆపగలిగితేనే ఏదైనా దొరుకుతుంది. నమోదైన వ్యాపారి దగ్గర కొన్నదానికైతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది.

అమ్మేవైపు ఉంటే

ఇంట్లో ట్రాక్టర్ బొమ్మ ఉన్న ఐదు రూపాయల నోటు దొరికిందని, దానికి లక్షలు ఇస్తారట అని నాకు వారానికి ఒకరైనా ఫోన్ చేస్తారు. ఇవ్వరు. కొంటామని వచ్చినవాడు ముందు రిజిస్ట్రేషన్ అంటాడు, తర్వాత పన్ను అంటాడు, రిజర్వ్ బ్యాంక్ ఉత్తరం చూపిస్తాడు. 2021 ఆగస్టులో రిజర్వ్ బ్యాంకే ప్రకటన చేసింది: పాత నోట్లు, నాణేల కొనుగోలు వ్యవహారాలతో తనకు సంబంధం లేదు, ఏ రుసుమూ కమిషనూ అడగదు అని. డబ్బు పంపుతామంటూ క్యూఆర్ కోడ్ స్కాన్ చేయమంటే చేయకండి. డబ్బు రావడానికి యూపీఐ పిన్ ఎప్పుడూ అవసరం లేదు.

నిజంగా విలువైన నాణెం ఉంటే వేలం సంస్థకు ఇవ్వండి, కొన్నవాడి దగ్గర వసూలు చేసే బాధ్యత వాళ్లది.

మరి ఎవరికి ఏది?

కొత్తగా సేకరణ మొదలుపెట్టినవాళ్లు మొదటి ఏడాది ఆన్‌లైన్ జోలికే పోకుండా హైదరాబాదులో జరిగే నాణేల ప్రదర్శనలకు వెళ్లి నాలుగు అసలు రూపాయిలు చేత్తో పట్టుకుని చూడండి. 0.01 గ్రాము చూపించే చిన్న త్రాసు కొనండి. చేతికి అసలు నాణెం అలవాటైతే నకిలీ దానంతటదే పరాయిగా అనిపిస్తుంది. వెయ్యి రెండు వేల లోపు నాణేలకు, అడ్మిన్ గట్టిగా ఉన్న గ్రూపు చాలు. అమెరికా, బ్రిటన్‌లలో ఉన్నవాళ్లు ఈబేలోనే, అదే దేశంలో ఉన్న, నాణేలే అమ్మే వ్యాపారి దగ్గర, కార్డుతో కట్టి కొనండి. ఈబేలో పరిచయమై "బయట ఇస్తే తగ్గిస్తాను" అన్నవాడి మాట వింటే, ఆ గ్యారంటీ మొత్తం మీ చేతులతో మీరే వదులుకున్నట్టు. పెద్ద ధర నాణేలకు ఇక్కడున్నవాళ్లకు వేలం సంస్థే నా సలహా, కమిషన్ భారమైనా సరే.

ఎక్కడ కొన్నా మీరు రాసే మాట తర్వాతివాడికి పనికొచ్చేలా రాయండి. "సూపర్ సెల్లర్" అంటే ఎవరికీ ఏమీ తెలియదు. ఈమధ్య నేను ఒకరికి రాసింది ఇది: "1343 హిజ్రీ రూపాయి. తూకం 11.15. వెనకవైపు ఫొటోలో కనిపించని గీత ఉంది, అడిగితే పాటకు ముందే చెప్పారు. ఆరో రోజు చేరింది." చెడు రాయాల్సి వచ్చినా ఇంతే: ఏం చెప్పారు, ఏం వచ్చింది, అడిగితే ఏమన్నారు. తిట్లు వద్దు. తూకం అంకె ఒక్కటి చాలు.

నా 9.6 గ్రాముల రూపాయి గురించి నేను అప్పుడు ఏమీ రాయలేదు. మోసపోయానని నలుగురికీ తెలియడం ఇష్టంలేక వారాలు గడిపాను, రాసే గడువు దాటిపోయింది. ఆ తర్వాత నెలల్లో అదే ఖాతా నుంచి మరో ఐదు చార్మినార్ రూపాయిలు పాటకు వచ్చాయి. ఐదూ అమ్ముడుపోయాయి.